రొయ్యల గుంట గట్టుకీ, వెలిగొండ రాళ్లకీ, హైవేకీ ఒకటే బండి: పాత ఫోర్ బై ఫోర్ తీసేసి కొత్తది ఎంచుకోవడం ఎలా

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, కొనేవాళ్లు చాలామంది షోరూముతో మొదలుపెట్టి నేల దగ్గరికి వస్తారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది తలకిందుల పద్ధతి. అల్లూరు, విడవలూరు వైపు నల్లరేగడి గట్ల మీద పనికొచ్చే బండి సీతారాంపురం, సీఎస్ పురం రాళ్లలో ఇబ్బంది పెడుతుంది. రాళ్లలో దర్జాగా ఎక్కే బండి గుంట గట్టు మీద సొంత బరువుకే కూరుకుపోతుంది. మీ బండి ఏ నేలలో దిగబడుతుందో ముందు తేల్చుకోండి. మోడల్ సంగతి ఆ తర్వాత.

అసలు మార్చాలా?

ఇంజను బోరుకొచ్చిందని, క్లచ్ పోయిందని పాత బండి అమ్మేయనక్కర్లేదు. వాటికి మందు ఉంది. ఛాసిస్ తినేస్తే మాత్రం లేదు. బండిని ర్యాంపు ఎక్కించి, వెనక చక్రాల దగ్గర ఛాసిస్ వంపు, స్ప్రింగు లేదా షాక్ అబ్జార్బర్ బిగించే బ్రాకెట్లు, వెనక అడ్డపట్టీ మీద చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే సరే. మొద్దు శబ్దం వచ్చినా, పొరలు రాలినా, స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగినా బండి మార్చే టైం వచ్చినట్టే. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది తొందరగా వస్తుంది. ఛాసిస్‌కి పట్టీలు వెల్డింగ్ చేయించి మరో రెండేళ్లు లాగుదామనుకుంటే, రాళ్లలో మెలి తిరిగినప్పుడు ఆ వెల్డింగు పక్కనే విరుగుతుంది.

రెండో కారణం విడిభాగాలు. జిప్సీకి ఇప్పటికీ సామాను దొరుకుతుంది. సఫారీ స్టార్మ్ లాంటి ఆగిపోయిన మోడళ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేరు పెట్టె) సామానుకి రోజుల తరబడి ఎదురుచూడాలి. మూడోది ఆర్‌సీ. సొంత బండికి 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. ఛాసిస్ గట్టిగా ఉంటే ఆ ఖర్చు పెట్టొచ్చు, లేకపోతే దండగ.

మీ దారుల్ని కాగితం మీద పెట్టండి

గత ఏడాది బండి వెళ్లిన దారులన్నీ రాసి, ఒక్కోదాని పక్కన నెలకి ఎన్ని కిలోమీటర్లో వేయండి. చాలామందికి లెక్క ఒకేలా తేలుతుంది: పదిలో తొమ్మిది వంతులు 16వ నంబరు జాతీయ రహదారి, టౌను రోడ్లు, తారు రోడ్డున్న పల్లెలు. మిగిలిన ఒక వంతే అసలు పరీక్ష. అది నాలుగు రకాలు.

తీరంలో గుంట గట్లు, అంటే ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు, కోట, వాకాడు వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకి రేగడి జిగురవుతుంది, టైరు గాళ్లు పూడిపోయి చక్రం నున్నగా తిరుగుతుంది. గట్టు ఇరుకు, చివర్లో తిప్పే చోటు ఉండదు, ఎడమా కుడీ నీళ్లు. ఇక్కడ కావాల్సింది తక్కువ బరువు, తక్కువ వెడల్పు. నల్లరేగడిలో బలం కన్నా బరువే ముందు మాట్లాడుతుంది.

రెండోది ఇసుక: పెన్నా పాయలు, మైపాడు, కొత్తపట్నం తీరాలు. ఇక్కడ గాలి తీసిన వెడల్పు టైరు, ఆగకుండా లాగే ఇంజను కావాలి.

మూడోది పడమటి రాళ్లు: ఉదయగిరి, వెలిగొండ అంచులు, భైరవకోన చుట్టుపక్కల, చీమకుర్తి క్వారీ దారులు. ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి పొట్టకీ మధ్య ఎత్తు), డిఫ్ లాక్ (దీని సంగతి కింద), గట్టి టైరు పక్కగోడ కావాలి. మార్కాపురం పలకరాయి ముక్కలున్న దారైతే టైరు అరిగేకన్నా ముందు పక్కగోడ కోసుకుపోతుంది.

నాలుగోది నీళ్లు, చప్టాలు. దీని సంగతి తర్వాత.

నల్లమల అడవి లోపలి దారుల్ని ఈ లెక్కలో వేయకండి. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా తారు దిగితే కేసే.

ఈ కాగితం చూశాక మీ గట్లకి గ్రావెల్ తోలి ఉందనీ, ఏడాదికి రెండు మూడుసార్లే దిగబడుతున్నారనీ తేలితే, వెనక చక్రాలు లాగే మామూలు బండికి ఏటీ టైర్లు (తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చేవి) వేసి, గ్రావెల్ ఇంకో రెండు ట్రాక్టర్లు తోలించండి. ఇది తమాషాకి చెప్పడం లేదు. ఫోర్ బై ఫోర్‌కి అదనంగా పెట్టే లక్షల్లో చాలా గట్టు బాగుపడుతుంది.

కావాల్సిన యంత్రాంగం

ముందు లో రేంజ్. ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలకీ తక్కువ గేరు) వేస్తే చక్రాల దగ్గర లాగుడు రెండింతలు దాటుతుంది, బండి యాక్సిలరేటర్ తొక్కకపోయినా నడక వేగంతో కదులుతుంది. గట్టు దిగేటప్పుడు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. ఫోర్ ఎల్ ఫస్టు గేరులో బ్రేకు తొక్కే పని ఉండదు. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి లో రేంజ్ లేదు. అవి తడి రోడ్డుకి, తేలికపాటి మట్టి దారికి మంచివి. రేగడిలో కూరుకున్నాక బయటికి రావడానికి కావు.

రెండోది డిఫ్ లాక్. రాళ్లలో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి గాల్లోకి లేస్తే మామూలు ఫోర్ బై ఫోర్ అయినా ఆ రెండే తిరుగుతాయి, బండి కదలదు. డిఫ్ లాక్ ఒక యాక్సిల్ మీది రెండు చక్రాల్ని కలిపి తిప్పుతుంది. జిమ్నీలో ఆ పని బ్రేకులు చేస్తాయి: జారే చక్రాన్ని బ్రేకు పట్టి, రెండోదానికి బలం పంపుతాయి. బురదకి అది చాలు, రాళ్లలో మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

మూడోది కోణాలు. గట్టు మీదికి ఎక్కే ర్యాంపు దగ్గర తగిలేది బంపరు కాదు, పొట్ట. అందుకే ర్యాంప్ ఓవర్ కోణం చూడాలి. చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

ఏ బండి ఎవరికి

తీరంలో గట్ల పనికి మారుతి సుజుకి జిమ్నీ. వెడల్పు 1,645 మి.మీ., ఖాళీ బరువు 1,200 కిలోల చిల్లర, గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ. 195 సైజు సన్న టైరు పైబురద చీల్చుకుని కింద గట్టినేల వెతుక్కుంటుంది. లోపాలూ చెప్పుకోవాలి. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజను 134 న్యూటన్ మీటర్లే ఇస్తుంది, నలుగురెక్కి ఏసీ వేస్తే హైవేలో ఓవర్‌టేక్‌కి ముందే గేరు దించాలి. సామాను చోటు 208 లీటర్లు. నిండు బరువు 1,545 కిలోలు దాటకూడదు కాబట్టి మనుషులూ సామానూ కలిపి 335 కిలోలే. రొయ్యల మేత బస్తా 25 కిలోలు. పది బస్తాలు, ఒక డ్రైవరు, అంతే. ఇంకొకరు ఎక్కితే లెక్క అయిపోయింది.

రాళ్లూ, ఇసుకా, హైవే మూడూ సమంగా ఉన్నవాళ్లకి మహీంద్రా థార్ మూడు తలుపులది, 2.2 డీజిల్. గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., నీటి లోతు 650 మి.మీ. వరకు అని కంపెనీ లెక్క. సీట్లు నాలుగే, వెనక కూర్చునేవాళ్లకి ఎక్కడం దిగడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఐదు తలుపుల థార్ రాక్స్ చూడండి. అందులో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే వస్తుంది. కానీ చక్రాల మధ్య 2,850 మి.మీ., వెడల్పు 1,870 మి.మీ., బరువు రెండు టన్నులకి అటూ ఇటూ. హైవేలో హాయి, ఇరుకు గట్టు మీద భయం. స్కార్పియో ఎన్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌దీ ఇదే కథ. కుటుంబానికి మాత్రం ఇంకా నయం. స్కార్పియో క్లాసిక్‌కి ఫోర్ బై ఫోర్ లేదు.

ఇక్కడో ఉచ్చు ఉంది. 2023 జనవరి నుంచి థార్ వెనక చక్రాల డ్రైవ్‌లో కూడా వస్తోంది. బయటికి అదే ఆకారం. దాని డీజిల్ ఇంజను 1.5 లీటర్లే, పొడవు 4 మీటర్ల లోపే కాబట్టి 2025 సెప్టెంబరు 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతం, 2.2 డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి 40 శాతం. అందుకే ధరలో అంత తేడా. సెకండ్ హ్యాండ్‌లో 'థార్ చవగ్గా ఉంది' అంటే ముందు గేరు రాడ్డు పక్కన రెండో లివరు ఉందో లేదో చూడండి.

క్వారీ దారులు, కొండ పొలాలే పనైతే ఫోర్స్ గూర్ఖా. 233 మి.మీ. క్లియరెన్స్, 700 మి.మీ. నీటి లోతు, ముందూ వెనకా రెండు డిఫ్ లాకులు, కంపెనీ స్నార్కెల్ (ఇంజనుకి గాలిని పైనుంచి తీసే గొట్టం). ఇవన్నీ ఒకే బండిలో ఈ ధరలో ఇంకెక్కడా లేవు. రోజూ టౌనులో నడపాలంటే మాత్రం బరువైన బండి. సర్వీస్ సెంటరు మీకు ఎంత దూరమో కొనేముందే చూసుకోండి.

సామాను మోయాలంటే ఇసుజు వీ-క్రాస్. ఇది తడ పక్కనే శ్రీసిటీలో తయారవుతుంది. పొడవు ఎక్కువ కాబట్టి ర్యాంపు మీద పొట్ట తగులుతుంది. ఖాళీ తొట్టితో వెళ్తే వెనక భాగం తేలికై బురదలో జారుతుంది. ఏ పికప్ కొన్నా అది ప్రైవేటు రిజిస్ట్రేషనా, గూడ్సా అన్నది ముందే తేల్చుకోండి. గూడ్స్ అయితే కొత్తలో రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

డీజిలా పెట్రోలా? నెలకి వెయ్యి కిలోమీటర్ల లోపు, అదీ ఇంటికీ గుంటకీ మధ్య ఐదారు కిలోమీటర్ల తిరుగుళ్లైతే పెట్రోలే మేలు. బీఎస్6 డీజిల్‌లో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. చిన్న తిరుగుళ్లకి అది పూడిపోయి దీపం వెలుగుతుంది. అప్పుడు హైవే ఎక్కి అరగంట 60 పైన ఆపకుండా నడపాలి. దీపాన్ని పట్టించుకోకపోతే బండి పుల్లింగ్ తగ్గి షెడ్డుకి చేరుతుంది.

ట్రయల్ చూసేటప్పుడు

షోరూము చుట్టూ తారు మీద తిప్పితే ఏమీ తెలియదు. మట్టి మీద చూపించమనండి. టు హెచ్‌లో (వెనక చక్రాలే లాగే మామూలు నడక) బయల్దేరి, నెమ్మదిగా నడుస్తూ ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలూ లాగుతూ మామూలు గేర్లు) వేయండి. ఆపి, న్యూట్రల్ చేసి ఫోర్ ఎల్ వేయండి. మొదటి గేరులో క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ముట్టకుండా బండి ఎలా పాకుతుందో చూడండి. ఫోర్ హెచ్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే బండి పట్టేసినట్టు గుంజాలి. అలా గుంజితేనే ముందు యాక్సిల్ కలిసినట్టు. ఇదే పని పొడి తారు మీద మాత్రం చేయకండి, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది. ఈ బండ్లలో ఫోర్ హెచ్ ఉన్నది జారే నేలకే.

తర్వాత ఇంట్లో పెద్దావిడను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఎక్కించి దించండి. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి వెనక ఏసీ ఎంతసేపటికి చల్లబడుతుందో చూడండి. ఒంగోలు రోహిణి కార్తెలో ఈ ఒక్క లోపానికే బండి ఇంటిల్లిపాదికీ చేదవుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే కింద పడుకుని చూడాల్సిందే

ఫోర్ బై ఫోర్‌లో మోసం పైన ఉండదు, కింద ఉంటుంది. పాలిష్ చేసిన బాడీని చూసి బయానా ఇవ్వకండి. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. తుప్పు మీదే పూసి ఉంటారు.

చక్రాలకి అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. కొద్దిగా ఆడటం సహజం. 'టక్' మని కొట్టుకుంటే యూ జాయింటు క్రాసులు పోయాయి. అది చిన్న ఖర్చే. షాఫ్టు ఎక్కువ దూరం తిరిగాకే యాక్సిల్ పట్టుకుంటే క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలోని పళ్ల చక్రాలు) అరిగింది, అది పెద్ద ఖర్చు.

డిఫరెన్షియల్ ఆయిల్ పోసే పై బోల్టు విప్పి వేలు ముంచండి. ముందూ వెనకా రెండూ చూడాలి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే పొడి తగిలితే పళ్లు అరుగుతున్నాయి. నీళ్లు ఎలా చేరతాయంటే, వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ గొట్టం (యాక్సిల్ లోపలికీ బయటికీ గాలి ఆడే గొట్టం) మట్టితో పూడి ఉంటే సీళ్ల గుండా నీటిని లాగేసుకుంటుంది. కొన్న వారంలోనే బ్రీదర్లు శుభ్రం చేయించి, గొట్టాలు పైకి, ఇంజను గది ఎత్తుకి పొడిగించండి. ఖర్చు వందల్లోనే. ఆదా చేసేది యాక్సిల్‌ని.

జిమ్నీ, జిప్సీల్లో ముందు చక్రాల లోపలివైపు గుండ్రటి నకిల్ దగ్గర గ్రీసూ ఆయిలూ కలిసి కారుతుంటే సీళ్లు పోయినట్టు. అరవై, ఎనభై మధ్య గుంత తగలగానే స్టీరింగు ఉన్నట్టుండి గజగజ వణికితే ఒక్క వీల్ బ్యాలెన్సింగుతో పోదు. కింగ్ పిన్ బేరింగులు, ముందు యాక్సిల్‌ని అడ్డంగా పట్టి ఉంచే రాడ్డు బుష్షులు, స్టీరింగ్ డ్యాంపరు వరసగా చూడాలి. డ్యాంపరు ఒక్కటి మార్చి 'బాగైంది' అంటే రోగం దాచారని అర్థం.

క్లచ్ పరీక్ష తేలిక. హ్యాండ్ బ్రేకు లాగి మూడో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. ఇసుకలో రివర్స్ తీసి తీసి కాల్చుకున్న బండ్లు చాలా ఉంటాయి.

చెన్నై రిజిస్ట్రేషన్ బండి అయితే వరద నీళ్లు తాగిందేమో చూడాలి. 2015లో, 2023లో డిసెంబరు వరదలకి అక్కడ బండ్లు మునిగాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. పైన కొత్తగా ఉండి చివర్లో మట్టి గీత కనిపిస్తే నీళ్లు అంతవరకూ వచ్చాయి. సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింద వైర్ల జాయింట్లు, ఫ్యూజు డబ్బా మూల చూడండి. తమిళనాడు బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ధర మాట్లాడేటప్పుడే ఆ డబ్బు తగ్గించి అడగండి.

టైర్లు, తాళ్లు

కొత్త బండి ఏ టైర్లతో వచ్చినా, రోజువారీ వాడకానికి ఏటీ రకమే సరైనది. ఎంటీ టైరు (బురద కోసం చేసిన లోతు గాళ్లది) రేగడిని బాగా విదిలిస్తుంది గానీ హైవేలో గోల, తడి తారు మీద బ్రేకు పట్టు తక్కువ, మైలేజీ పడిపోతుంది. కంపెనీ చెప్పిన సైజు దాటి పెంచకండి. స్పీడోమీటరు తప్పుతుంది, బేరింగులు త్వరగా పోతాయి, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మార్పులు చేశారని పేచీ పెడతారు. బుల్ బార్ (ముందు బంపరుకి బిగించే ఇనప కడ్డీల చట్రం) అయితే చట్టరీత్యానే నిషిద్ధం.

తారు మీద గాలి, తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్నంత. ఇసుకలోకి దిగేముందు 16 నుంచి 18 పీఎస్ఐకి తగ్గించండి. 15 కన్నా దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. రాళ్లలో 24 చుట్టూ ఉంచండి. గాలి తగ్గించాక 30 కిలోమీటర్లు దాటి నడపకండి, తారు ఎక్కేముందు 12 వోల్టుల కంప్రెసరుతో మళ్లీ నింపండి.

మన పల్లెల్లో దిగబడితే పిలవగానే ట్రాక్టరొస్తుంది. బండి పాడయ్యేది కూడా అక్కడే. ఇనప గొలుసు బంపరుకో యాక్సిలుకో చుట్టి ఒక్క గుంజు గుంజుతారు. గొలుసు సాగదు కాబట్టి ఆ దెబ్బంతా ఒకే చోట పడుతుంది. కొనేటప్పుడే ముందూ వెనకా ఛాసిస్‌కి బిగించిన గట్టి హుక్కులున్నాయో చూడండి. బండి నిండు బరువుకి కనీసం రెండు మూడింతలు తట్టే పట్టీ, రెండు షాకిళ్లు (పట్టీని హుక్కుకి కలిపే ఇనప కొక్కేలు), ఒక పార, రెండు ట్రాక్షన్ పలకలు (దిగబడ్డ చక్రం కింద పెట్టేవి) బండిలో ఉంచండి. లాగేటప్పుడు పట్టీ పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఎవరూ నిలబడకూడదు. ముందు చక్రాల ఎదుటి మట్టి పారతో తీస్తే సగం సార్లు ట్రాక్టరు అక్కర్లేదు.

చప్టా, ఉప్పు

650, 700 మి.మీ. అని కంపెనీలు చెప్పేది నిలిచిన నీటికి, నడక వేగానికి. పారే నీటికి కాదు. అడుగు లోతు ప్రవాహం చిన్న బండిని పక్కకి నెడుతుంది, రెండడుగులైతే పెద్ద బండినీ లేపుతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకి కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. చప్టా మీద నీళ్లు పారుతుంటే కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి తెలియదు. నెల్లూరు టౌనులో రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జీల్లోకీ నీళ్లు నిండినప్పుడు దిగొద్దు, ఫోర్ బై ఫోర్ అయినా సరే. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోసుకుని బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. తడిగా ఉంటే షెడ్డుకి లాగించడమే.

సముద్రపు ఇసుకలోకో గుంటల మీదికో వెళ్లొస్తే అదే రోజు అడుగు కడగాలి. ఏ నీళ్లతో అన్నది ఇంకా ముఖ్యం. గుంటల దగ్గరి బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. ఊళ్లో మంచినీటితో ఛాసిస్ పెట్టెల లోపలికి పైపు పెట్టి, బురద ఆగి శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా కడగండి. కొత్త బండికి మొదటి వానాకాలం రాకముందే ఛాసిస్ లోపల మైనం కోటింగు కొట్టించాలి. బయట నల్లరంగు కొట్టడం వేరు, ఇది వేరు. నెలకోసారి తారు మీద కాకుండా మట్టి మీద ఓ రెండు కిలోమీటర్లు ఫోర్ హెచ్‌లో నడపండి. వాడని ట్రాన్స్‌ఫర్ కేస్ అవసరమైన రోజే మొరాయిస్తుంది.

పాత బండిని వదిలించుకునేటప్పుడు

ఎక్స్ఛేంజీ ధర ఒక్క చోట అడిగి ఒప్పుకోకండి. ఫోర్ బై ఫోర్‌కి బయట వేరే గిరాకీ ఉంటుంది, షోరూములు దాన్ని మామూలు బండి లెక్కలోనే కడతాయి. క్లెయిము లేకుండా ఐదేళ్లు గడిపి ఉంటే మీ బీమాలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. అది బండిది కాదు, మీది. పాత పాలసీ కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు. ఆ లేఖ అడగకపోతే షోరూము వాళ్లు గుర్తు చేయరు.

అప్పు తీరి ఉంటే ఫారం 35తో ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు తీయించండి. అమ్మేటప్పుడు 29, 30 ఫారాల మీద సంతకం చేసి ఇచ్చేసి ఊరుకోవద్దు. ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో చూసేదాకా బండి చట్టప్రకారం మీదే. ప్రమాదం జరిగితే నోటీసు మీకే వస్తుంది. అప్పగించిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. ఫాస్టాగ్‌ని అదే రోజు బ్యాంకు యాప్‌లో మూసేయండి. అద్దం మీద స్టిక్కరు అలాగే వదిలేస్తే, కొన్నవాళ్లు టంగుటూరు, వెంకటాచలం టోలు దాటిన ప్రతిసారీ డబ్బులు మీ ఖాతాలోంచే పోతాయి.